స్థోమత చూపించుకోవడం ఎలా?

పొలంతో మొదలుపెట్టండి. పెళ్లయింది. అమ్మాయి తెనాలిలో ఉంది. మీరు బర్మింగ్‌హామ్‌లో, కాస్త ఇటుగా స్మెథిక్‌లో అద్దెకుంటున్నారు. చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టో ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే ఐఎల్ఆరో ఉంది. ఇక ఆమెకు స్పౌజ్ వీసా పెట్టాలి. ఇలాంటప్పుడు పే స్లిప్పులు వెతుక్కుంటూ కూర్చునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ముందు నాన్నగారికి ఫోన్ చేసి పట్టాదారు పాసుపుస్తకం ఫొటో తీసి పంపమనండి. ఎకరం ఎంత పలుకుతోందో బ్రోకరును అడక్కండి, మేనమామను అడగండి. ఆయన ఎక్కువ చెబుతాడు. ఆ లెక్క మీద తెలిసిన సీఏ చేత నెట్‌వర్త్ సర్టిఫికెట్ రాయించండి. తర్వాత వంద రూపాయల స్టాంపు కాగితం మీద 'నా కోడలి తిండీ బట్టా ఖర్చులన్నీ జీవితాంతం నేనే భరిస్తాను' అని నాన్నగారి సంతకం, పక్కన ఇద్దరు సాక్షులు, కింద నోటరీ ముద్ర. లక్క సీలు కూడా వేయిస్తే చూడ్డానికి నిండుగా ఉంటుంది.

ఈ కాగితం తెనాలిలో ఎవరికి చూపించినా కుర్చీ వేస్తారు. వీసాలు తేల్చే హోమ్ ఆఫీసు మాత్రం పక్కన పెడుతుంది. కుటుంబ వీసాల రూల్స్ ఉన్న భాగాన్ని అపెండిక్స్ ఎఫ్ఎం అంటారు. ఏ కాగితం ఎన్నాళ్లది ఉండాలో, దాని మీద ఏమేం రాసి ఉండాలో చెప్పేది అపెండిక్స్ ఎఫ్ఎం-ఎస్ఈ. రెండూ కలిపి ఎంత గాలించినా అందులో మామగారు కనిపించరు. ఇక్కణ్ణుంచి పిలిచే స్పాన్సర్ ఉంటాడు, దరఖాస్తు పెట్టిన అమ్మాయి ఉంటుంది, వాళ్ల పేరు మీద ఉన్న డబ్బు ఉంటుంది. అంతే. పొలం వాళ్ల లెక్కలో డబ్బు కాదు. అమ్మి, ఆ సొమ్ము బ్యాంకులో పడితే అప్పుడు చూస్తారట. అది కూడా మీ ఇద్దరిలో ఒకరి పేరు మీదున్న పొలమైతేనే. మూడు తరాలుగా మాగాణి చేస్తున్న ఇంటిని పట్టుకుని, అబ్బాయి జీతమెంత అని అడగడం ఏం మర్యాద?

నా సలహాకు చట్టంలో ఆధారం లేదనుకోకండి. 2009 డిసెంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు మహద్ కేసులో, బంధువులిచ్చే సాయాన్ని కూడా పోషణ లెక్కలో చేర్చుకోవచ్చని తీర్పు చెప్పింది. నేను సలహాలివ్వడం మొదలుపెట్టింది సరిగ్గా ఆ రోజుల్లోనే. మూడేళ్లు తిరక్కుండా, 2012 జూలై 9న, రూల్సే మార్చేశారు. వాళ్లు మార్చుకుంటే నేనెందుకు మార్చుకోవాలి? 2017 ఫిబ్రవరిలో ఎంఎం లెబనాన్ కేసులో అదే కోర్టు, ఆదాయ పరిమితి పెట్టడం చట్టవిరుద్ధం కాదంటూనే, పిల్లల బాగోగుల్ని, ఇతర మార్గాల్లో వచ్చే నమ్మకమైన డబ్బుని పట్టించుకున్న తీరు బాగాలేదని తప్పుపట్టింది. ఆ ఆగస్టులో ఒక చిన్న సందు వదిలారు. వీసా నిరాకరిస్తే కుటుంబం అన్యాయంగా నలిగిపోయే అసాధారణ పరిస్థితి ఉంటే, అప్పుడు మూడో మనిషి సాయం సంగతి కూడా చూస్తారు. మొగుడు స్మెథిక్‌లో, పెళ్లాం తెనాలిలో ఉండటం నాకు అసాధారణంగానే కనిపిస్తుంది. వాళ్లకు అది మామూలు సంగతి.

ఇక ఆ ఆదాయ పరిమితి అంకె. దాని కోసం ప్రభుత్వ వెబ్‌సైట్ చూడటం వట్టి చాదస్తం. వాట్సాప్ గ్రూపులో అడగండి, అయిదు నిమిషాల్లో మూడు జవాబులొస్తాయి. పాతకాపు ఒకాయన 18,600 పౌండ్లంటాడు. థెరిసా మే హోం మంత్రిగా ఉండగా 2012లో పెట్టిన అంకె అది. పన్నెండేళ్లు నడిచింది. ఒక పిల్లో పిల్లాడో ఉంటే 22,400, ఆపైన ఒక్కొక్కరికి 2,400. ఇంకొకాయన 38,700 అంటాడు. 2023 డిసెంబరులో అప్పటి హోం మంత్రి జేమ్స్ క్లెవర్లీ గట్టిగా ప్రకటించి, గగ్గోలు పుట్టాక ఆ నెలలోనే మెట్లు మెట్లుగా ఎక్కిస్తామన్న అంకె. మూడో ఆయన 29,000 అంటాడు. 2024 ఏప్రిల్ 11న అమల్లోకి వచ్చిన మొదటి మెట్టు అది. దాంతోపాటు పిల్లల కోసం విడిగా కలిపే లెక్క తీసేశారు. పై మెట్లను తర్వాత వచ్చిన లేబర్ ప్రభుత్వం ఆపేసి, మైగ్రేషన్ అడ్వైజరీ కమిటీని అభిప్రాయం అడిగింది. కమిటీ 2025 జూన్‌లో 38,700 వద్దంది.

ముగ్గురూ మనవాళ్లే, ఎవరినీ చిన్నబుచ్చకూడదు. కాబట్టి సగటు తీయండి. 28,767 వస్తుంది. 29,000కు 233 పౌండ్లు తక్కువ. ఏడాది మొత్తం మీద 233 పౌండ్లు! బుల్‌రింగ్ మాల్‌లో ఒక మంచి కోటు ఖరీదు. దాని కోసం కాపురం ఆపుతారా అని ధైర్యంగా అర్జీ పంపేయండి.

ఆపుతారు. లోటు 1 పౌండైనా లోటే. పూడ్చుకునే దారి లేదా అంటే ఉంది, పొదుపు చూపించవచ్చు. ఆ లెక్క నేర్పించే మాస్టారు మా రోజుల్లో లేడు. ముందు 16,000 పౌండ్లు పక్కన పెట్టాలి. ఆస్తి చూసి ఇచ్చే ప్రభుత్వ భృతులకు పొదుపు పరిమితి అది, అంతకు మించి ఉన్నవాడికి ఆ భృతి రాదు. దాని మీద, లోటును రెండున్నరతో హెచ్చవేసి కలపాలి. వీసా రెండున్నరేళ్ల లెక్కన ఇస్తారు గనక రెండున్నర. అంటే 233 పౌండ్ల లోటు పూడ్చడానికి 16,582 పౌండ్ల 50 పెన్నీలు బ్యాంకులో ఉండాలి. అసలు ఆదాయమే లేదనుకోండి, 88,500. మన రూపాయల్లో కోటికి అటూ ఇటూ. ఆ పెన్నీలు నేను కలిపినవి కావు, గుణకారం చేసి చూసుకోండి.

ఇంకొక మాట చెప్పి ముందుకెళ్తాను. 2025 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకు 12 పౌండ్ల 21 పెన్నీలు చేశారు. ఓల్డ్‌బరీ గోడౌన్‌లో ఆ రేటుకు డబ్బాలు ఎత్తేవాడు 29,000 తెచ్చుకోవాలంటే ఏడాదిలో 52 వారాలూ, వారానికి దాదాపు 46 గంటలు పనిచేయాలి. లండన్‌లో బ్యాంకు ఉద్యోగికీ ఇదే అంకె, ఇక్కడివాడికీ ఇదే అంకె. ప్రభుత్వమే ఇది చాలని ఖరారు చేసిన కూలితో, మామూలుగా వారమంతా పనిచేసినా, పెళ్లాన్ని తెచ్చుకోవడానికి చాలదట. నా సలహాలు తలకిందులుగా ఉంటాయని అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చదవాలి.

అమ్మాయి ఉద్యోగం సంగతి

ఇప్పటి పెళ్లిళ్లలో చాలామటుకు అమ్మాయి జీతమే ఎక్కువ. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఏడాదికి 32 లక్షలు తెచ్చుకుంటోంది. అబ్బాయి ఇక్కడ ఎంఎస్సీ చేసి, వీసాల మీద వీసాలు నెట్టుకొచ్చి, ఐఎల్ఆర్ సంపాదించి, ఒక కేర్ హోమ్‌లో షిఫ్టులు చూసుకునే సూపర్‌వైజరయ్యాడు. 26,500 వస్తుంది. సంసారం ఇద్దరిదీ గనక ఇద్దరి జీతాలూ కలిపి అర్జీలో పెట్టండి. ఆమె కంపెనీ లెటర్‌హెడ్ మీద మంచి లేఖ తెప్పించండి. బర్మింగ్‌హామ్‌లోనే ఉద్యోగం ఇస్తామన్న ఆఫర్ లెటర్ కూడా ఉంటే అది పైన పెట్టండి.

దేశం బయట ఉండి అర్జీ పెట్టే అమ్మాయి జీతం వీళ్ల లెక్కలో సున్నా. ఆఫర్ లెటరూ సున్నా. ఇక్కడికి వచ్చి, పనిచేసుకునే వీసా మీద ఉద్యోగంలో చేరాక, రెండున్నరేళ్ల తర్వాత పొడిగింపు కోరినప్పుడు మాత్రం అదే అమ్మాయి సంపాదన లెక్కకొస్తుంది. రావడానికి పనికిరాని జీతం ఉండిపోవడానికి పనికొస్తుందన్నమాట. విచిత్రం ఏమిటంటే, ఆమె దాచుకున్న డబ్బు లెక్కకొస్తుంది. ఆమె పేరు మీదున్న ఫ్లాట్ అద్దె కూడా వస్తుంది, కాగితాలు సక్రమంగా ఉంటే. ఆ కాగితాలు కావాలంటే అద్దె ఏడాది పొడుగునా బ్యాంకులో పడుతుండాలి. కిరాయిదారు ఒకటో తారీఖున వచ్చి కాఫీ తాగి నోట్లు చేతిలో పెట్టి వెళ్లే మన ఆనవాయితీని చెడగొట్టకండి. ఆ కిరాయి వీసాకు పనికిరాకపోతే పోనివ్వండి, సత్సంబంధాలు ముఖ్యం.

బ్యాలెన్స్ నిలబెట్టడం

అమీర్‌పేటలో స్టూడెంట్ వీసాలు చేయించిన అనుభవం ఉన్నవాళ్లందరికీ ఒక మంత్రం తెలుసు: 28 రోజులు. ఫీజుకూ ఖర్చులకూ సరిపడా సొమ్ము ఖాతాలో 28 రోజులు నిలబెట్టి చూపిస్తే చాలు. అది స్టూడెంట్ వీసాకు నిజమే. దాన్నే ఇక్కడా వాడండి. బావమరిది దగ్గర కొంత, చిట్టీ ఎత్తి కొంత, బంగారం కుదువ పెట్టి కొంత తెచ్చి, నెల రోజులు ఖాతాలో ఉంచి, వీసా రాగానే ఎవరిది వాళ్లకు ఇచ్చేయండి.

స్పౌజ్ వీసాకు పొదుపు చూపిస్తే ఆరు నెలలు నిలబడాలి, ఆ ఆరు నెలల్లో ఖాతా ఒక్కరోజు కిందికి దిగినా ఆ దిగిన అంకే లెక్క. డబ్బు ఎక్కడిదో రాసివ్వాలి. అప్పు తెచ్చినది చెల్లదు. నాన్నగారు కానుకగా ఇస్తే చెల్లుతుంది, తిరిగి ఇవ్వనక్కర్లేదని రాసిచ్చి, ఆ తర్వాత ఆరు నెలలు మీ చేతిలో ఉంటే. ఈ మార్గం మన ఇళ్లలో ఎందుకు నడవదో మీకు తెలియంది కాదు. నాన్నగారు డబ్బు ఇస్తారు, ప్రాణం ఇస్తారు, 'ఇది నాకు తిరిగి అక్కర్లేదు' అన్న ముక్క మీద సంతకం మాత్రం పెట్టరు. చెల్లెలి పెళ్లి ఇంకా ఉందిగా.

మరి 28 అన్నది ఈ రూల్స్‌లో లేనే లేదా అంటే, ఉంది, వేరే చోట. మీరు పెట్టే బ్యాంకు స్టేట్‌మెంట్లు, పే స్లిప్పులు, కంపెనీ లేఖ, వీటిలో ఆఖరివి అర్జీ పెట్టిన రోజుకు 28 రోజుల కంటే పాతవి కాకూడదు. ఆన్‌లైన్‌లో ఫీజు కట్టిన రోజే అర్జీ పెట్టిన రోజు. ఇది పట్టించుకుంటూ కూర్చుంటే ముహూర్తం దాటిపోతుంది. కాగితాలన్నీ మాఘంలో సిద్ధం చేసుకుని, పురోహితుడు చెప్పిన ఫాల్గుణ దశమి దాకా ఆగి, వర్జ్యం లేకుండా చూసి బటన్ నొక్కండి. చిలుకూరులో 11 ప్రదక్షిణలు ముందు, వీసా వచ్చాక 108. బాలాజీకి తారీఖులతో పేచీ లేదు.

జీతం విషయంలో

పే స్లిప్పులు ఆరు నెలలవి అడుగుతారు, బ్యాంకులో ఆ జీతం పడ్డట్టు ఆరు నెలల స్టేట్‌మెంట్లు అడుగుతారు. రెండూ పెన్నీతో సహా కలవాలి. దీనికి నా దగ్గర మూడు ఉపాయాలున్నాయి.

మొదటిది, ఆఖరి నెలలో జీతం పెంచమని మేనేజరును బతిమాలుకోవడం. అయిదు నెలలు 27,000 లెక్కన తీసుకుని ఆరో నెల 29,500కు ఎక్కితే, ఎక్కాం కదా అనిపిస్తుంది. నెలజీతగాడికి ఆ ఆరు నెలల్లో అన్నిటికన్నా తక్కువగా వచ్చిన రేటునే వాళ్లు పట్టుకుంటారు. గంటల లెక్కన పనిచేసేవాడికి సగటు కడతారు. రెండోది, మంచి జీతం దొరికిందని అర్జీకి ముందు నెల ఉద్యోగం మారడం. కొత్తచోట ఆరు నెలలు నిండకపోతే, ఇప్పుడు 29,000 వస్తోందని చూపిస్తే చాలదు, గడిచిన ఏడాదిలో కూడా అంత వచ్చిందని చూపించాలి. అయినా మారండి. పెళ్లి కొడుకంటే కొత్త చొక్కా, కొత్త ఉద్యోగం ఉండాలి.

మూడోది సొంత వ్యాపారులకు. ఇంట్లో దోసెపిండి రుబ్బి అమ్మేవాళ్లు, ఊబర్ నడిపేవాళ్లు, శనాదివారాలు పెళ్లిళ్లకు కేటరింగ్ చేసేవాళ్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు. వాళ్లకు నేను ఏటా జనవరిలో చెప్పేది ఒకటే. పన్ను రిటర్నులో లాభం వీలైనంత తక్కువ చూపించండి. పెట్రోలు, ఫోను, ఇంట్లో ఓ గది అద్దె, అత్తగారింటికి తీసుకెళ్లిన స్వీటు బాక్సు, అన్నీ ఖర్చే. మరుసటి ఏడాది పెళ్లయి వీసా పెట్టేనాటికి, పన్నుల శాఖకు మీరిచ్చిన ఆ రిటర్నే హోమ్ ఆఫీసు ముందుకొస్తుంది. పూర్తయిన ఆర్థిక సంవత్సరపు లాభమే చూస్తారు, చేతిలో ఆడిన డబ్బు కాదు. పైగా వ్యాపార ఆదాయం తక్కువైతే, ఉద్యోగస్తుడిలా పొదుపు కలిపి పూడ్చుకునే వీల్లేదు. ట్యాక్సు కట్టేరోజున బీదవాడు, పెళ్లాన్ని పిలిచేరోజున శ్రీమంతుడు, ఇద్దరూ ఒకడేనని వాళ్ల కంప్యూటరుకు తెలిసిపోతోంది. అది సాంకేతిక లోపం.

నోట్లుగా జీతమిచ్చే హోటలు యజమాని దగ్గర పనిచేసే కుర్రాళ్లు నన్నడుగుతుంటారు. బ్యాంకులో కనిపించినంతే లెక్క. లేని పే స్లిప్పు తయారుచేసి ఇచ్చేవాళ్లున్నారని కూడా అంటారు. ఇక్కడ మాత్రం నేను వేళాకోళం ఆడను. దొంగ కాగితం పెట్టి దొరికితే ఆ అర్జీ ఒక్కటే పోదు, పదేళ్లపాటు ఆ అమ్మాయి అడిగే వీసాలకు అడ్డం పడవచ్చు. అనుభవించేది కాగితం తయారుచేసినవాడు కాదు, తెనాలిలో ఉన్న అమ్మాయి.

పక్కవాడికి అయింది కదా

నా సలహాల్లో అన్నిటికన్నా ఎక్కువమంది పాటించేది ఇది. కవెంట్రీలో ఉండే స్నేహితుడు తన భార్యకు 285 పౌండ్లు ఖాతాలో చూపించి తెచ్చుకున్నాడు, మీరూ అదే చేయండి. వాడు స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాడు, అక్కడ రూలు వేరు. భార్యకు 285, మొదటి బిడ్డకు 315, 28 రోజులు నిలిస్తే చాలు, కంపెనీ హామీ ఇస్తే అదీ అక్కర్లేదు. మీకు ఐఎల్ఆర్ వచ్చింది, అంటే ఈ దేశం మీద మీకు హక్కులు పెరిగాయి, కాబట్టి 29,000. ఎక్కువ స్థిరపడినవాడికి ఎక్కువ మెట్లు. వీళ్లిద్దరినీ చూసి కేర్ వర్కర్ వీసా మీదున్న అమ్మాయి ఆశ పడకూడదు. 2024 మార్చి 11 నుంచి ఆ వీసాకు అర్జీ పెట్టినవాళ్లు భర్తనూ పిల్లల్నీ తెచ్చుకోలేరు, ఖాతాలో ఎంతున్నా. ఎంఎస్సీకి వచ్చే పిల్లలకు ఆ ఏడాది జనవరి నుంచే ఆ దారి మూసేశారు, పరిశోధన చేసేవాళ్లకు తప్ప.

ఖర్చు గురించి ఒక ముక్క. ఫీజు 1,938 పౌండ్లు, ఎన్‌హెచ్ఎస్ సర్‌ఛార్జ్ 3,105, మొత్తం 5,043. ఇది 2025 ఏప్రిల్ నాటి లెక్క. టీబీ పరీక్ష, ఇంగ్లిష్ పరీక్ష విడిగా. రిఫ్యూజ్ అయితే సర్‌ఛార్జ్ వెనక్కి ఇస్తారు, ఫీజు ఇవ్వరు. కాబట్టి నా పద్ధతిలో ప్రయోగాలు చేసేవాళ్లు ఒక్కో ప్రయోగానికి ఒక్కో ఫీజు చొప్పున వేసుకోవాలి.

ఇల్లు కూడా చూపించాలి. పాత 1985 హౌసింగ్ చట్టం ప్రకారం గదికి ఇంతమంది అని లెక్క. హాలు కూడా గదే. ఏడాది నిండని పాపకు లెక్కే లేదు, పదేళ్లలోపు పిల్లలు ఆర్టీసీ బస్సులో అర టికెట్టులా అర మనిషి. రెండు గదుల్లో ముగ్గురు, మూడు గదుల్లో అయిదుగురు. ఇది చదివినప్పుడు మాత్రం నాకు వీళ్ల మీద గౌరవం కలిగింది. మా పెదనాన్నగారింట్లో రెండు గదుల్లో పదకొండు మందిమి పెరిగాం.

అమ్మను తెచ్చుకోవడం

భార్య సంగతి ఎలాగోలా తేలుతుంది. అమ్మ దగ్గరే నా విద్యంతా బయటపడుతుంది.

నాన్నగారు పోయారు. అమ్మ రాజమండ్రిలో ఒంటరిగా ఉంది. 76 ఏళ్లు. మోకాళ్లు నొప్పులు, షుగరు. మీరు ఇక్కడ ఒక పెద్ద ఆసుపత్రిలో కన్సల్టెంట్ డాక్టరు, బ్రిటిష్ పౌరులు, సోలిహల్‌లో నాలుగు గదుల ఇల్లు. అమ్మకు ఒక గది, పూజకో మూల. 2012కు ముందైతే 65 దాటిన తల్లి, పోషణకు మీ మీదే ఆధారపడి ఉంటే, తెచ్చుకోవడానికి ఒక దారి ఉండేది. ఇప్పుడు దాన్ని అడల్ట్ డిపెండెంట్ రిలేటివ్ అంటారు. వయసు వల్లో జబ్బు వల్లో తన పనులు తాను చేసుకోలేని స్థితి ఉండాలి. స్నానం, బట్టలు కట్టుకోవడం, వంట, ఇలాంటివి. ఆ సాయం అక్కడ దొరకనైనా దొరక్కూడదు, దొరికినా మీరు పంపే డబ్బుతో కూడా అందుకోలేనిదై ఉండాలి.

నా సలహా: స్థోమత గట్టిగా చూపించండి. జీతం, ఇల్లు, పొదుపు, అన్నీ. ఎందుకంటే ప్రభుత్వ సొమ్ము తీసుకోకుండా అయిదేళ్లు పోషిస్తానని మీరు హామీ పత్రం రాసివ్వాలి కదా. ఇవన్నీ చూసి, ఇంత సంపాదించేవాడు రాజమండ్రిలో పగలొకరిని రాత్రొకరిని ఆయాలను పెట్టలేడా అంటారు. పోనీ స్థోమత లేదని చూపిస్తే, మరి ఇక్కడికి తెచ్చి ఎలా పోషిస్తావంటారు. అందుకని రెండు లేఖలు జతచేయమంటాను. ఒకదానిలో 'నన్ను భగవంతుడు చల్లగా చూశాడు, లోటు లేదు' అని, రెండోదానిలో 'ఆయాను పెట్టే శక్తి నాకు లేదు' అని. రెండింటి మీదా ఒకే సంతకం, ఒకే తారీఖు.

డాక్టరు సర్టిఫికెట్ కోసం అమ్మను ఆవిడకు ముప్పయ్యేళ్లుగా తెలిసిన డాక్టరు దగ్గరికే పంపండి. అమ్మ ఆ రోజు తలంటుకుని, జరీ అంచు చీర కట్టుకుని, ఆటో దిగి వెళ్తుంది. ఎలా ఉన్నారమ్మా అంటే, నాకేం నాయనా, నిక్షేపంలా ఉన్నాను, నా వంట నేనే చేసుకుంటున్నాను, మొన్న కార్తీక సోమవారం పుష్కర ఘాట్‌కు నడిచే వెళ్లాను అంటుంది. ఆయన అదంతా చక్కటి ఇంగ్లిష్‌లో రాసిస్తాడు. నిన్న రాత్రి బాత్రూంలో పడితే తెల్లవారేదాకా లేవలేకపోయిన సంగతి ఆవిడ డాక్టరుకే కాదు, మీకూ చెప్పలేదు. మన అమ్మలు బతికినన్నాళ్లూ ఎవరికీ బరువు కాకూడదనుకుంటారు. ఈ వీసాకు కావలసిన మొట్టమొదటి అర్హత బరువు కావడం, దాన్ని వేరే మనిషి చేత రాయించి, ముద్ర వేయించి తేవడం. ఆవిడ చేత ఆ ముక్క చెప్పించలేక ఊరుకున్న కొడుకులు నాకు తెలుసు. డబ్బుకు లోటున్నవాళ్లు కారు వాళ్లు.

పక్కింటివాళ్ల లేఖ కూడా పెట్టండి. 'అమ్మగారిని మా సొంత తల్లిలా చూసుకుంటున్నాం, రోజూ రెండుపూటలా వెళ్లి పలకరిస్తాం' అని. చుట్టుపక్కల ఇంత పరువుగా బతికిందని అధికారికి తెలియాలి కదా. తెలుస్తుంది. చూసుకునేవాళ్లు అక్కడే ఉన్నారని రాసి రిఫ్యూజ్ చేస్తారు. కాకినాడలో మీ చెల్లెలుందన్న సంగతి మాత్రం ఎవరూ అడక్కపోయినా మీరే రాయండి, కుటుంబం నిండుగా కనిపిస్తుంది.

భారత సంతతి డాక్టర్ల సంఘం బాపియో వాళ్లు ఈ రూలు మార్చమని ఎన్నోసార్లు అడిగారు. బ్రిట్‌సిట్స్ అనే సంస్థ కోర్టుకెళ్లింది, 2017లో అప్పీలు కోర్టు రూలు చెల్లుతుందనే చెప్పింది. రోజంతా ఇంకొకరి తల్లికి నాడి చూసి ఇంటికొచ్చిన మనిషి, రాత్రి వీడియో కాల్లో సొంత తల్లికి షుగర్ రీడింగ్ ఎంతో అడుగుతాడు. ఈ ఏర్పాటు ఎవరి పొదుపుకు పనికొస్తుందో లెక్క కట్టినవాళ్లకు తెలియాలి.

పోనీ విజిట్ వీసా మీద తెద్దామా అంటే భేషుగ్గా తేవచ్చు, ఒక్కో రాకకు ఆరు నెలలు. ఆ అర్జీకి కూడా నేను ఒక లేఖ రాసిపెడతాను: 'మా అమ్మకు ఇండియాలో నేను తప్ప దిక్కులేదు, ఆమె ఒంటరిగా ఉండలేదు.' చదివితే రాయి కూడా కరుగుతుంది. అయితే విజిట్ వీసా ఇచ్చేవాడికి కావలసింది, ఈవిడ ఆరు నెలల్లో తిరిగి వెళ్లిపోతుందన్న నమ్మకం. దిక్కులేనిచోటికి ఎవరైనా తిరిగి వెళ్తారా? అదే లేఖ అడల్ట్ డిపెండెంట్ అర్జీకి పెట్టి ఉంటే కాస్త పనికొచ్చేది. పక్కింటివాళ్ల లేఖ ఇక్కడ పెట్టి ఉంటే ఇదీ అయిపోయేది. మన అర్జీల్లో కాగితాలు తక్కువై పోయినవాటి కంటే, మంచి కాగితాలు తప్పుడు కవర్లో పడి పోయినవే ఎక్కువ.

ఎవరిని అడగాలి

సోహో రోడ్డులోనూ స్ట్రాట్‌ఫర్డ్ రోడ్డులోనూ బోర్డు పెట్టిన సాలిసిటర్లు బోలెడుమంది. వాళ్లు డబ్బు తీసుకుంటారు. తీసుకుని, ముందు పే స్లిప్పులు తెమ్మంటారు, పొలం గురించి మాట్లాడనివ్వరు. నేను ఉచితం. బర్మింగ్‌హామ్ బాలాజీ గుడి అని మనమంటాం గానీ అది ఉండేది టివిడేల్‌లో. ఆదివారం దర్శనం అయ్యాక నన్ను అక్కడెవరిని అడిగినా చూపిస్తారు.

ఈ మధ్య ఒక కుర్రాడు నాకే చట్టం చెప్పబోయాడు. ఈ దేశంలో అర్హత, రిజిస్ట్రేషన్ లేకుండా ఇమిగ్రేషన్ సలహా వృత్తిగా ఇవ్వడం 1999 చట్టం ప్రకారం నేరమట, లాభం కోసం కాకపోయినా సరేనట. సలహాదారుల మీద అజమాయిషీ చేసే ఆఫీసు 2025 జనవరిలో పేరు మార్చుకుని ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ అయిందట, దాని జాబితాలో నా పేరు లేదట. జాబితాలు చూసి సలహా అడిగేవాడు బాగుపడ్డట్టు నేనెక్కడా వినలేదు. నాది వృత్తి కాదు, వాత్సల్యం.

అన్నీ నేను చెప్పినట్టే చేసినా రిఫ్యూజల్ లెటరొస్తే కంగారుపడకండి. అప్పీలుకు 28 రోజులు గడువుంటుంది. ఆ 28 రోజులు నేను ఊళ్లో ఉండను, తిరుపతి వెళ్తున్నాను.